గంజి ఆరేలోపు

కొమురవ్వ కాచిన గంజిని ఎవరూ తాగలేదు. ఊళ్లకు ఊళ్లు దాన్ని ఒంటిమీద కట్టుకున్నాయి. నూకలు నానబెట్టి, రుబ్బి, పల్చగా కాచి, పాత పంచెలో వడగట్టి, చివర్లో చెంచాడు నూనె కలిపేది. ఒక బొట్టు తీసి రెండు వేళ్ల మధ్య రాసి చూసేది. వేళ్లు విడివడేటప్పుడు చిన్న చప్పుడు రావాలి, తడి పెదవులు విడివడినట్టు. ఆ చప్పుడు వినిపిస్తేనే "అయింది, తీస్కపోండ్రి" అనేది. వీధిలో ఎవరి పడుగుకైనా గంజి ఆమే కాచేది. కాచమని ఎవరూ అడిగేవాళ్లు కారు, కుండ తెచ్చి గడపలో పెట్టి పోయేవాళ్లు.

ఆమె పుట్టింది కోరుట్లలో. పదమూడో ఏట మొగుడు రాజం వెంట సిరిసిల్లకు వచ్చింది. మానేరు వైపు వాలి ఉండే ఆ వీధిలో నలభై ఇళ్లు. ప్రతి ఇంట్లో నేలలో తవ్విన గుంట, గుంట మీద మగ్గం. వచ్చిన కొత్తలో ఆ చప్పుళ్లకు ఆమెకు నిద్ర పట్టేది కాదు. కొన్నేళ్లు గడిచాక ఆ చప్పుడు ఆగితే మెలకువ వచ్చేది.

వీధి చివర ఖాళీ జాగా ఉండేది, రెండు కొసల్లో వేపచెట్లతో. పడుగులకు గంజి పెట్టేది అక్కడే. పడుగంటే మగ్గం మీద నిలువుగా సాగే దారాలు. వందల పోగులు, ఒక్కొక్కటి ఇరవై గజాల పొడవు. గంజి పెట్టనిదే అవి నేతకు ఆగవు. తెల్లవారగానే పడుగును ఈ కొస వేపకూ ఆ కొస వేపకూ బిగించి కట్టి, చాపలాగా వెడల్పు చేసి గంజి పూస్తారు. ఇద్దరు మనుషులు చెరో పక్క నిలబడి పెద్ద కుంచె పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి దువ్వుతూ నడుస్తారు. మిగిలినవాళ్లు వెంట వెంట తెగిన పోగులు అతుకుతారు, అంటుకున్నవి విడదీస్తారు. గంజి ఆరేదాకా కుంచె ఆగకూడదు. ఆగిందంటే పోగులన్నీ ఒకదానికొకటి అంటుకుని అట్టలాగా బిగుసుకుంటాయి. ఇక ఎవరి తరమూ కాదు విప్పడం.

ఒక ఇంటివాళ్లతో అయ్యే పని కాదది. పదిమంది కావాలి. దానికి కూలి లేదు. ఇవాళ నా పడుగుకు నువ్వు, రేపు నీ పడుగుకు నేను. పడుగు ఎవరిదైతే వాళ్లు చివర్లో తలా ఇంత బెల్లం, పిడికెడు పేలాలు పెట్టేవాళ్లు. గంజి తగిలిన పడుగును వదిలి ఎవరూ పోయేవాళ్లు కారు. కొమురవ్వ కాపురానికి వచ్చిన మూడో ఏడు, మామ ఇంట్లో కన్నుమూసిన కబురు తెచ్చారు. అత్త అప్పుడు పడుగు మధ్యలో ఉంది, చేతిలో తెగిన పోగు. "ఆరనియ్యిండ్రి" అంది అంతే. కళ్లలోంచి ధార కారుతూనే ఉంది, వేళ్లు ముడులు వేస్తూనే ఉన్నాయి. పడుగు ఆరాక జుట్టు విప్పుకుని ఇంటికి పరుగెత్తింది. ఆ సంగతి వీధిలో ఎవరికీ వింతగా తోచలేదు. కొమురవ్వకూ తోచలేదు. పదిమంది కలిసి అక్కడ నిలబడితే ఒంటికి పది జతల చేతులు మొలిచినట్టు ఉండేది ఆమెకు. ఏ చేయి తనదో వెతుక్కోవాల్సిన పని ఉండేది కాదు.

డెబ్బై తొమ్మిదో సంవత్సరం, వైశాఖం నడుమ, సముద్రం వైపు నుంచి ఒక గాలి వచ్చింది.

ఆ వీధిలో సముద్రం చూసినవాళ్లు లేరు. హోటల్లో రేడియో నెల్లూరు దగ్గర తుఫాను తీరం దాటిందని చెబితే, దాటింది కదా, పోయింది అనుకున్నారు. మర్నాడు మునిమాపున ఆకాశం రాగి చెంబు అడుగులాగా ఎర్రబడింది. మొదట పైకప్పుల మీద గూనపెంకులు టకటకలాడాయి, ఎవరో బూట్లతో నడుస్తున్నట్టు. అంతకు ముందటి ఏడే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతమన్నారు. రైతుకూలీ సంఘంలో తిరిగే కుర్రాళ్ల కోసం పోలీసులు ఇళ్ల మీదికి ఎక్కి మరీ వెతికేవాళ్లు. అందుకని ఆ చప్పుడు వినగానే వీధిలో ప్రతి ఇంటివాళ్లూ దీపం ఆర్పి, తలుపు గడియ పెట్టి, పిల్లల నోళ్లు మూసి, గోడకు ఆనుకుని కూర్చున్నారు. గాలి అని తెలిసేసరికి పైకప్పులు సగం లేచిపోయాయి. మగ్గాల మీది పడుగులు విప్పుకోవడానికి, బట్ట చుట్టి పైన పెట్టుకోవడానికి దొరికిన ఆ కాసేపూ అలా చీకట్లో, ఊపిరి బిగబట్టి, గాలికి భయపడకుండా మనుషులకు భయపడి పోగొట్టుకున్నారు.

రెండు రోజులు వాన. మూడో పొద్దున కొమురవ్వ బయటికి వచ్చి చూస్తే వీధిని ఆమె గుర్తు పట్టలేకపోయింది. మట్టిగోడలు కరిగి ఒకరి ఇంట్లోంచి ఒకరి ఇల్లు కనిపిస్తోంది. మగ్గాల గుంటల్లో నీళ్లు నిండి, వాటిలో ఆకాశం ముక్కలు ముక్కలుగా పడి ఉంది. వీధి చివర వేపచెట్లన్నీ పడుకున్నాయి. వేళ్లు పైకి లేచి, మట్టి కారుతూ, ఎవరినో పట్టుకోబోయి అందనట్టు ఉన్నాయి.

రాజం నేసుకుంటున్న పడుగు గోడ కింద నలిగి బురదలో కలిసింది. ఇంట్లో మిగిలింది ఒకే ఒక పడుగుకు సరిపడే నూలు. కొమురవ్వ దాన్ని వడ్ల కాగులో పెట్టి మూత పెట్టింది కాబట్టి బతికింది.

వారంలో నలభై ఇళ్లలో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి. కొన్నింటికి తాళం వేయడానికి తలుపు కూడా లేదు. రాజం చిన్నాయన కొడుకు గంగారాం బొంబాయి పక్కనున్న భీమండి నుంచి వచ్చాడు. అక్కడ కరెంటు మగ్గాలు, మనుషులు చాలడం లేదట. ఆదివారం పొద్దున బస్సుకు కామారెడ్డి, అక్కణ్నుంచి రైలు. రాజం మూట కట్టుకున్నాడు.

కొమురవ్వ తమ్ముడు ఆరేళ్ల కింద కోరుట్ల నుంచి భీమండి పోయాడు. రెండేళ్లు ఉత్తరాలు వచ్చాయి. తర్వాత దగ్గు అని ఒక కార్డు వచ్చింది. తర్వాత ఏమీ రాలేదు. ఆ రైలు మనుషుల్ని ఒకవైపే తీసుకుపోతుందని ఆమె మనసులో గట్టిగా పడిపోయింది.

"నూలున్నది" అంది మొగుడితో. "మగ్గం గుంట తోడుకుందాం. పైన తాటికమ్మలు కప్పుకుందాం. ఒక్క పడుగెక్కితే ఉంటవా?"

"నూలుంటె సాల్తదా? గంజి వెట్టనీకి పదిమంది ఏరి?"

"నేను తెస్త."

రాజం కూలిన గోడ వైపు చూశాడు. అతనికి మాత్రం పోవాలని ఉందా. "శనివారం పొద్దుగాల గంజి వెడదాం. పడుగు మంచిగ అచ్చిందా, ఉంట. రాలేదా, ఆదివారం బస్సు. ఇగ నన్నేం అనకు."

ఆమె ఇల్లిల్లూ తిరిగింది. ముందు మార్కండేయులు తాత దగ్గరికి పోయింది. కుంచె ఆయనది. ఆయనకు డెబ్బై ఏళ్లు ఉంటాయి. ఇల్లు కూలినా కుంచెను మాత్రం కడుపుకు హత్తుకుని కాపాడుకున్నాడు. పక్కింటి మల్లవ్వ గడపలో కూర్చుని పెంకు ముక్కలు ఏరుతోంది.

"మల్లక్కా, శనివారం పడుగు. అస్తవా?"

"అస్త తియ్యి. మొగడు ఎప్పుడో పాయె, పెంకులు మొన్న పాయె, ఇగ నా దగ్గర పోయేటిదేమున్నది? మా ఇంట్ల పండుకుంటె చుక్కలు కనవడుతున్నయి. దొరల గడీల గూడ గీ భోగం లేదు."

"నవ్వకే, పానం పోతది నాకు."

"ఏడ్సుడు గూడ అయిపాయె చెల్లె. ఇగ నవ్వక ఏం జేద్దు?"

చివరికి గంగారాం కూడా, "నేనూ అస్త వదినె. ఆఖరిసారి పట్టిపోత" అన్నాడు. తీసుకుపోవడానికి వచ్చినవాడే ఆపడానికి చేయి వేస్తానంటే కొమురవ్వకు కళ్లు నిండాయి. మొత్తం పన్నెండుమంది అయ్యారు.

ఒక చిక్కు ఉంది. బడిలో ఉండే పోలీసు క్యాంపు, బడి రేకులు గాలికి లేచిపోవడంతో, ఈ జాగా పక్కనే ఉన్న నూలు గోదాములోకి మారింది. పాత జమేదారుకు పడుగంటే తెలుసు, చూసీ చూడనట్టు పోయేవాడు. ఆయన బదిలీ అయ్యాడు. కొత్త ఎస్సై వేరే జిల్లా మనిషి. ఐదుగురికి మించి ఒకచోట నిలబడొద్దని దండోరా వేయించాడు.

"ఒక్క మాట సెప్పి అద్దామా తాతా?" అని కొమురవ్వ అడిగింది.

"సెప్తె పేర్లు రాసియ్యమంటరు" అన్నాడు మార్కండేయులు. "పన్నెండు పేర్లు రాసిస్తవా? రేపు ఎన్నడన్న ఏదన్న అయితే గా కాగితమే ముంగటికి తీస్తరు."

ఆమె ఆలోచించింది. పేర్లు ఇవ్వలేదు. ఇవ్వాల్సిన అవసరమే ఉందనిపించలేదు. "గుంపంటె లొల్లి చేసేటోళ్లు గని, పడుగు పట్టుకున్నోళ్లు గుంపెట్లయితరు తాతా? ఎవలన్న సూస్తె ఎరుకైతది గదా" అంది. నలభై ఇళ్లలో ఎవరిని అడిగినా అదే అనేవాళ్లు. పడుగు చుట్టూ నిలబడిన మనుషుల్ని ఆ వీధిలో ఎన్నడూ ఎవరూ లెక్కపెట్టలేదు. పడుగును లెక్కపెట్టేవాళ్లు, ఒకటి అని.

శనివారం తూరుపు తెల్లబడుతుండగా గంజి దిగింది. ఆమె వేళ్ల మధ్య రాసి చూసింది. చప్పుడు వచ్చింది.

వేపచెట్లు లేవు. గుంజలు పాతి చూశారు, నానిన నేలలో బిగువుకు ఆగలేదు, పాలపళ్లలా ఊడి వచ్చాయి. అందుకని ఈ కొసన ఇద్దరు, ఆ కొసన ఇద్దరు మనుషులే చెట్లయ్యారు. నడుముకు తాళ్లు చుట్టుకుని, మడమలు మట్టిలో దింపి వెనక్కి వాలి నిలబడ్డారు. గంగారాం ఆ కొసన ఉన్నాడు. రాజం, మార్కండేయులు కుంచె పట్టారు. కొమురవ్వ గంజి పూసుకుంటూ పోయింది. తెల్లని పోగుల మీద తడి పాకింది, పొద్దుటి వెలుగు ఆ తడి మీద పాకింది. కుంచె సరసరమని కదిలింది. తుఫాను తర్వాత ఆ వీధిలో వినిపించిన మొదటి పని చప్పుడు అది. మల్లవ్వ తెగిన పోగులు అతుకుతూ వెంట నడిచింది. ఒక్కో పోగూ విడివిడిగా, నీటి మీద నీరెండలా మెరుస్తుంటే కొమురవ్వకు ఆ క్షణం నమ్మకం కలిగింది. ఉంటాడు. ఈ మనిషి ఉంటాడు. ఇది చూసి ఇంకొకరు ఉంటారు.

కుంచె మూడోసారి తిరుగుతుండగా గోదాము తలుపు తెరుచుకుంది.

ఎస్సై లుంగీ మీద యూనిఫాం చొక్కా వేసుకుని వచ్చాడు. వెనక నలుగురు కానిస్టేబుళ్లు, తుపాకులతో.

"ఏమిటిది? ఎవరు పోగుచేశారు మిమ్మల్ని?"

"పోగుచేసుడేంది సారు, పడుగు సారు ఇది" అంది కొమురవ్వ. ఆమెకు నిజంగా భయం వేయలేదు ఇంకా.

"పన్నెండుమంది ఉన్నారు. ఆర్డరు తెలియదా? ఏయ్ ముసలాయనా, ఆపు."

మార్కండేయులు ఆపలేదు. తల వంచుకుని దువ్వుతూనే నడిచాడు. "ఆపరాదు సారు. ఆపితె అంటుకపోతది. గా కొసకు పోయినంక కొట్టుండ్రి, నిలవడ్త."

ఎస్సై ముఖంలో కోపం కంటే అలసట ఎక్కువ ఉంది. అతను కూడా చాలా రోజులుగా పడుకున్నట్టు లేదు. "మొన్న ఒక ఊళ్లో తుఫాను సాయం అని పోగై జీపు మీద రాళ్లేశారు. అక్కడా ముందు ఇలాగే, ఏదో పని అన్నారు. చూడండి, మీ పనికి నేను అడ్డం రావడం లేదు. ఐదుగురు ఉండండి, చేసుకోండి. మిగతావాళ్లు ఇళ్లకు పొండి. నేను పది లెక్కపెట్టేలోపు."

"ఐదుగురితోటి కాదు సారు. చెట్లు వడిపోయినయి. కొసలు పట్టనీకే నలుగురు గావాలె. ఒక్క గంట సారు, గంజి ఆరేదాక. కాల్మొక్త."

"ఒకటి" అన్నాడు ఎస్సై.

"సారు, నన్ను లెక్కల వట్టకుండ్రి, సగం మనిషినే ఉన్న, సూడుండ్రి" అంది మల్లవ్వ, ఎముకలు తేలిన చేతులు చాపి. ఒక కానిస్టేబుల్ పెదవి కొరుక్కున్నాడు.

"రెండు."

చేతులు ఒక్కొక్కటే విడివడ్డాయి. ఎవరూ పరుగెత్తలేదు. వెనక్కి నడుస్తూ, పడుగు వైపే చూస్తూ పోయారు. తెగిన పోగు పట్టుకుని ఉన్న ఒక ఆడమనిషి దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కొమురవ్వ చేతిలో పెట్టి పోయింది. గంగారాం నడుముకున్న తాడు విప్పుతూ, "వదినె, నా పేరు ఈళ్లు ఇదివరకే రాసుకున్నరు" అన్నాడు మెల్లగా. అంతకు ముందు ఏడు అతను భీమండి ఎందుకు పోయాడో ఆమెకు అప్పుడు అర్థమైంది.

ఐదుగురు మిగిలారు. కుంచె దగ్గర రాజం, మార్కండేయులు. ఈ కొసన ఒక్కడు, ఆ కొసన ఒక్కడు. మధ్యలో కొమురవ్వ. ఇద్దరు లాగాల్సిన కొసను ఒక్కడు లాగితే బిగువు పోయింది. పడుగు నడుమ ఉయ్యాలలా జారింది, కిందికి వంగింది, బురదను ముట్టుకుంది. కొమురవ్వ దాని కిందికి దూరి వీపుతో ఎత్తి పట్టింది. ఎత్తి పడితే పోగులు విడదీసేవాళ్లు లేరు. విడదీయబోతే పడుగు నేలకు తగిలింది. వాన కడిగిన ఆకాశంలో ఎండ ఒక్కసారిగా పైకి వచ్చింది. అంత శుభ్రమైన ఎండను ఆమె ఎన్నడూ చూడలేదు.

"నీళ్లు సల్లు!" అని మల్లవ్వ తన గడపలోంచి అరిచింది. "కొమురీ, నడుమ నీళ్లు సల్లు!"

"ఆడ సల్లితె ఈడ ఆరుతది అక్కా!"

"కొంగు తడిపి కప్పు!"

తలుపు లేని గడపల్లో ఏడుగురు నిలబడి ఉన్నారు. ముప్పై అడుగుల దూరం. వాళ్ల చేతులు గాల్లో కదులుతున్నాయి, కనిపించని పోగులు విడదీస్తున్నట్టు. గోదాము ముందు కూర్చున్న కానిస్టేబుల్ ఒకతను లేచి రెండడుగులు వేశాడు. "మాది గొల్లపల్లి అవ్వా, మా ఇంటెన్క గూడ మగ్గాలే" అన్నాడు. మళ్లీ వెనక్కి తిరిగి చూసి కూర్చున్నాడు.

కుంచె ముందు బరువెక్కింది, తర్వాత గరగరమంది. తర్వాత ఒక చోట పట్టుకుని కదలలేదు. మార్కండేయులు బలం కొద్దీ లాగాడు. పది పోగులు ఒకేసారి తెగాయి. ఎండుటాకు మీద కాలు వేసిన చప్పుడు.

"ఇడువు తాతా" అన్నాడు రాజం.

"ఇంకోపారి పోదాం బిడ్డా."

"ఇడువుమంటున్న గదా. అయిపోయింది."

ముసలాయన వదలలేదు. రాజమే ఆయన వేళ్లు ఒక్కొక్కటి తీసి కుంచెను కింద పెట్టాడు.

ఆ మధ్యాహ్నం కొమురవ్వ పడుగును గాబులో నానబెట్టి చూసింది. సాయంత్రం దాకా వేళ్లతో విడదీసింది. ఒకటి వస్తే రెండు తెగాయి. మట్టి కలిసిన గంజి, దానికి తోడు ఎండ దెబ్బ. గాబు అడుగున చేతినిండా ముక్కలు మిగిలాయి. ఆమె పిల్లలిద్దరూ పక్కన కూర్చుని, అమ్మ ఏదో ఆట ఆడుతోందనుకుని చూశారు.

ఆదివారం బస్సు దగ్గర రాజం పిల్లల తలలు నిమిరాడు. భార్య వైపు తిరిగాడు. "తాటికమ్మలు తియ్యకు. మగ్గం తడుస్తది" అన్నాడు.

"తియ్య."

"ఇల్లు దొరికినంక మిమ్ముల తీస్కపోత."

"మంచిది."

మార్కండేయులు బస్సు దాకా రాలేదు. గంగారాం కిటికీలోంచి ఏదో అన్నాడు, ఇంజను చప్పుడులో వినిపించలేదు. తల ఊపింది. బస్సు పోయాక రోడ్డు మీద విరిగిన కొమ్మలు ఇంకా అలాగే ఉన్నాయి, ఎవరూ తీయలేదు.

వానాకాలం వచ్చింది. బడికి కొత్త రేకులు వేశారు. క్యాంపు మళ్లీ బడికి పోయింది. జాగా ఖాళీ అయింది. అప్పటికి వీధిలో కుంచె పట్టడానికి మార్కండేయులు, గంజి కాయడానికి కొమురవ్వ, పోగులు అతకడానికి మల్లవ్వ మిగిలారు. అనుమతి అడిగినా ఇచ్చే లెక్కే. అడగడానికి ఎవరికీ ఏమీ లేదు. రాజం దగ్గర నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి. మూడోదాని కోసం ఆమె ఎదురు చూడటం మొదలుపెట్టింది.

శ్రావణంలో ఒకరోజు మల్లవ్వ ఆమెను బీడీల కార్ఖానాకు వెంటబెట్టుకుని పోయింది. గుమాస్తా తునికాకు కట్ట, తంబాకు, దారపు రీలు ముందు పెట్టి, ఎలా చుట్టాలో చూపించాడు. ఆకు కత్తిరించడం, తంబాకు నింపడం, చుట్టడం, దారం కట్టడం. కొమురవ్వ శ్రద్ధగా చూసింది. పని ఏదైనా ఆమెకు ముందు తెలియాల్సింది ఒకటి ఉండేది. అలవాటుగా అడిగింది.

"దీనికి ఎంతమంది గావాలె?"

గుమాస్తా నవ్వాడు. "ఎవలెందుకవ్వా? నీ ఇంట్ల నువ్వు, తలుపేసుకోని చుట్టుకో. ఒక్కదానివి సాలు."

ఆమె ఆకు కట్ట కొంగులో కట్టుకుని ఇంటికి వచ్చింది. తలుపు దగ్గరగా వేసింది. గోడకు ఆనుకుని కూర్చుని, మొదటి ఆకు తీసి, మోకాలి మీద పరిచింది.